గోపురం లేని గిద్ద

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నాది కిరాణా కొట్టు. మా తాత కాలంలో ఈ కొట్లో బియ్యం పడితో కొలిచి అమ్మేవాళ్ళు. మా నాయన కాలానికి కిలోలు వచ్చాయి. ఇప్పుడు నా ముందు ఎర్ర అంకెల కాటా ఉంది. అన్నీ మారాయి గానీ వంటింట్లో ఆడవాళ్ళ చెయ్యి మారలేదు. కిలోల్లో కొనుక్కుపోతారు, పావుతో కొలిచి పొయ్యి మీద పెడతారు. పండగ వచ్చినా పెళ్ళి వచ్చినా ఎవరో ఒకరు నా కొట్టు ముందు నిలబడి, "మహేశప్పా, ఐదు పడులంటే ఎన్ని కిలోలు?" అని అడుగుతారు. పాత బియ్యమా కొత్తవా, సన్నవా లావా, రేషను స్టోరు బియ్యమా అని నేను ఎదురు అడుగుతాను. పడి ఒకటే అయినా తూకం ఒకటి కాదు కదా! "అదంతా ఏంటికప్పా, ఒక్క మాట చెప్పు" అంటారు. పడికి కిలోన్నర వేసుకోమని చెప్పి పంపేస్తాను. ఉడికాక ఎక్కువైనా తక్కువైనా తిట్లు నాకే.

ఉరుకుందమ్మ ఒక్కతే ఎన్నడూ నన్ను ఆ లెక్క అడగలేదు. నా కొట్టుకు ఎదురు వరసలో మూడో ఇల్లు ఆమెది. మొగుడు హనుమన్న గుంత మగ్గం మీద నూలు చీరలు నేస్తాడు. ఆమె నూలు కండెలు చుడుతుంది, వండుతుంది. ఇత్తడి పడి, అరసేరు, పావుసేరు, గిద్ద, అత్త ఇచ్చిపోయిన కొలపాత్రలు ఆ ఇంట్లో గూట్లో వరసగా ఉంటాయి. ఎంతమందికి వండాలన్నా ఆ పావు పట్టుకుని బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే చాలు, ఒక్క ముద్ద మిగిలేది కాదు, ఒక్క ముద్ద తగ్గేది కాదు. వీధిలో ఎవరింట్లో కార్యమైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఆమెను పిలిచేవాళ్ళు.

అదంతా కొడుకు పోకముందు మాట. నాగార్జున లారీ తోలేవాడు. డోన్ దగ్గర రోడ్డు పక్కన బండి ఆపి టైరు చూసుకుంటూ ఉంటే వెనక నుంచి ఇంకో లారీ వచ్చి గుద్దింది. పెళ్ళి కూడా కాలేదు వాడికి. శవం ఇంటికి వచ్చినప్పుడు ఉరుకుందమ్మ ఏడ్చింది. దినం అయిపోయాక ఏడుపు ఆగిపోయింది. ఆగిపోయింది అంటే, తేరుకుందని కాదు. మళ్ళీ కండెలు చుట్టింది, వండింది, వాకిలి ఊడ్చింది. పలకరిస్తే పలికింది. కానీ ఆ మొహంలో ఏమీ కనిపించేది కాదు. మా ఆవిడ ఒకసారి పక్కన కూర్చుని, "ఏడ్చెయ్యి వదినా, మనసు తేలికయితాది" అంది.

"రాదు సుబ్బీ. ఏడుపు రాదు, నవ్వు రాదు. ఏమీ అనిపించదు" అని చెప్పి లేచి పొయ్యి మీద పాలు దించడానికి వెళ్ళిపోయిందట.

హనుమన్నది ఇంకో రకం. కొడుకు పోయిన ఏడాదికే షుగరు బయటపడింది. మా చిన్నప్పుడు ఈ వైపు వరన్నం పండగ కూడు. మిగతా దినాల్లో జొన్న రొట్టె, కొర్రన్నం. స్టోరు బియ్యం వచ్చాక మూడు పూటలా వరన్నమే అయింది, ఇప్పుడు జొన్నలే పిరం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషికి మూడు పూటలా అంత అన్నం ఎక్కడ అరుగుతుంది? మెల్లగా కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఒక చెప్పుతో నా కొట్టుదాకా వచ్చి, ఎవరో చెబితే కిందకు చూసుకునేవాడు.

"కాళ్ళు నావి కాదప్పా. ఎవురివో తెచ్చి తగిలించినట్టుండాది" అని నవ్వేవాడు.

గుంత మగ్గం నేసేవాడికి కాళ్ళు మొద్దుబారితే నవ్వులాట కాదు. గుంతలో ఉన్న తొక్కుడు పలకలను ఏ కాలితో ఎప్పుడు తొక్కాలో కాలికే తెలియాలి. చెయ్యి నాడె విసురుతుంటే కళ్ళు బట్ట మీద ఉండాలి. హనుమన్న మాత్రం మాటిమాటికీ గుంతలోకి తొంగి చూసి తొక్కేవాడు. ఒకరోజు పలకకున్న మేకు ఊడి పైకి లేచింది. అది చిటికెన వేలిని చీల్చినా అతనికి తెలియలేదు. పొద్దుగూకేదాకా నేశాడు. దుమ్ము ఎత్తడానికి గుంతలోకి దిగిన ఉరుకుందమ్మకు పలక మీద నెత్తురు కనిపించింది.

ఆదోనిలో డాక్టరు పుండు చూశాడు, షుగరు చూశాడు, సూటిగా చెప్పాడు. షుగరు దిగితేనే పుండు మానుతుంది. మానకపోతే వేలు తీయాలి. అప్పటికీ దిగకపోతే పాదం తీయాలి. మందులు రాసిచ్చి, పొద్దున జొన్న రొట్టె, మిగతా రెండు పూటలూ పూటకు యాభై గ్రాముల బియ్యం, అంతకు మించి గింజ కూడా వద్దన్నాడు. పాదం పోతే మగ్గం పోయినట్టే. ఆ ఇంటికి ఇంకో పని తెలియదు.

ఆ మర్నాడే ఉరుకుందమ్మ కొంగున ఏదో కట్టుకుని నా కొట్టుకు వచ్చింది. ముడి విప్పి ఇత్తడి గిద్ద కాటా మీద పెట్టింది. పిల్లి తలకాయంత కూడా లేదు. అత్త ఇచ్చిన కొలపాత్రల్లో అన్నిటికంటే చిన్నది.

"మహేశప్పా, దీంట్లో యాభై గ్రాములు పడతాయేమో సూడు. మాకు గ్రాములు తెలీదు" అంది.

"యాభై గ్రాముల అన్నమా, బియ్యమాక్కా?" అన్నాను. అక్కడే చాలామంది తప్పు చేస్తారు. బియ్యం ఉడికితే మూడింతలు తూగుతాయి.

"బియ్యమే. రెండుమార్లు అడిగి కనుక్కున్నా."

ఖాళీ గిద్ద పెట్టి కాటాను సున్నా చేశాను. ఆమె తినే స్టోరు బియ్యమే పోసి, చూపుడు వేలు అడ్డంగా పెట్టి అంచుకు సమంగా తుడిచాను. యాభై ఒకటి చూపించింది. నాకే ముచ్చటేసింది. "నీ అత్త ముందే తెలిసి ఇచ్చిపోయిందక్కా. గిద్ద అంటే యాభై గ్రాములు. ఇంక నువ్వు వేరే లెక్క పెట్టుకోవద్దు" అన్నాను. ఆమె నా వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. కొలత నేర్చుకుంటోంది అనుకున్నాను. గిద్ద మళ్ళీ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

రెండు నెలలు గడిచాయి. హనుమన్నకు వేరే చిన్న గిన్నెలో వండుతోందని, మందులు తప్పకుండా వేస్తోందని మా ఆవిడ చెప్పింది. పుండు మాత్రం మానలేదు. ఆదోనిలో మళ్ళీ చూస్తే షుగరు మూడు వందలు దాటి ఉంది. తిండి దగ్గర దొంగతనం జరుగుతోందని డాక్టరు ఇద్దరినీ గట్టిగా కేకలేశాడట. ఆ సాయంత్రం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, ఉరుకుందమ్మ వచ్చి గిద్ద కాటా మీద పెట్టింది.

"నీ కాటా ఒకసారి సూసుకో అప్పా. తప్పు సూపిస్తాండాదేమో" అంది.

నాకు ఒళ్ళు మండింది. కొట్టువాడిని ఏమైనా అనండి, కాటాను మాత్రం అనకండి. అందులోనూ నలుగురిలో! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంట్లో మొగుడి నోరు కట్టలేక నా కాటా మీద పడిందనుకున్నాను. అరకిలో రాయి తెచ్చి కాటా మీద దడేలుమని పెట్టాను. ఐదు వందలకు ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. అందరికీ చూపించాను.

"ఇప్పుడు నువ్వు ఇంట్లో ఎట్ల కొలుస్తావో కొలిచి సూపించక్కా" అన్నాను.

ఆమె నా బస్తాలో గిద్ద ముంచింది. పైకెత్తి నెమ్మదిగా కుదిపింది. బియ్యం అంచు దాటి గోపురంలా నిలిచాయి. ఎడమచేత్తో ఇంకో చిటికెడు తీసి ఆ గోపురం మీద వేసింది. ఇంక ఒక్క గింజ వేస్తే జారిపోతుందనేదాకా వేసి, కాటా మీద పెట్టింది. డెబ్బై నాలుగు.

నేను పెద్దగా నవ్వాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దొంగ దొరికినంత సంతోషమేసింది నాకు. "ఇంగ షుగరు యాడ దిగుతాదక్కా? పూటకు ఒకటిన్నర పూట తిండి పెడతాండావు. అంచుకు తుడువు, ఇట్ల!" అని వేలు అడ్డంగా పెట్టబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"అట్ల తుడవగూడదు" అంది.

"ఏంటికి తుడవగూడదు?"

"మా అత్త చెప్పింది. బతికినోళ్ళ ఆకలికి అంచు ఉండదంట. అంచుకు తుడిచి కొలిచేది సచ్చినోళ్ళ పిండానికే. మా ఇంట్లో ఎవురూ అట్ల కొలవరు." కూరగాయల ధర చెప్పినంత మామూలుగా మిగతాది చెప్పింది. "నాగార్జున దినం రోజు దీన్ని దించి అంచుకు తుడిచినా. గూట్లో పెట్టేసినా. మళ్ళ దించింది నీకాడికి తెచ్చిన రోజే. నువ్వు వేలు పెట్టి తుడిస్తివి. సూస్తా నిలబడినా."

పిండం కొలతతో కట్టుకున్నవాడికి వండమని చెప్పిన మనిషిని నేనే. డాక్టరుకు ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు. గ్రాములకు బతికినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకటే.

బుర్రకు తోచింది చేశాను. "గిద్దే వద్దక్కా. నేనే తూకం వేసి పొట్లాలు కట్టిస్తా. పూటకొక పొట్లం విప్పి ఎసట్లో పొయ్యి. నువ్వు కొలిచే పనే లేదు, తుడిచే పనే లేదు" అన్నాను. కాగితాల్లో యాభై యాభై గ్రాములు కట్టి సంచిలో వేసిచ్చాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఆమె సంచి తీసుకుని, "సరే అప్పా" అంది.

కొన్నాళ్ళకు హనుమన్న కాలికి కట్టుతో, కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి నా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. "పొట్లాలు అయిపోయినాయా అన్నా?" అని అడిగాను.

"పొట్లాలకేమప్పా, ఉండాయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "విప్పుతాది. ఎసట్లో పొయ్యదు. ముందు గిద్దలో పోసి సూసుకుంటాది. సరిగ్గా అంచుకొస్తాయి. అంచుకొచ్చినాయంటే ఆమె చెయ్యి ఆగదు. డ్రమ్ములో నుంచి తీసి గోపురం పోస్తాది. పోస్తాండానని ఆమెకు తెలుసో లేదో గూడా నాకు తెలీదు."

"సూస్తా ఊరకుంటావా? వద్దని చెప్పకూడదా?"

"కొడుక్కు కొలిచినట్టు నాకు కొలువని నా నోటితో ఎట్ల చెప్పేదప్పా?" అన్నాడు.

మీ ఇద్దరి పిచ్చి తగలెయ్య అని తిట్టాను. వేలు పోతుందన్నా అని బతిమాలాను కూడా. అతను కట్టు వంక చూసుకున్నాడు. నొప్పి లేని పుండు గురించి మనిషికి భయం పుట్టించడం కష్టం. నాలుగు మాటలు విని కర్ర పట్టుకుని లేచిపోయాడు.

వేలు నల్లబడింది. కర్నూలు పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మర్నాడు నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బస్సెక్కి వెళ్ళాను. ఉరుకుందమ్మ వార్డు బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాఫీ ఇస్తే తాగింది. గ్లాసు కడిగి ఇచ్చింది.

"మహేశప్పా, ఇది నేనే తెచ్చినానా?" అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు పెట్టడానికి నాకు నోరు రాలేదు. "షుగరు తెచ్చిందక్కా, నువ్వు గాదు" అన్నాను. అది పూర్తిగా నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

"పాదం మిగలాలంటే తిండి తగ్గాల్నంట. మళ్ళ చెప్పినారు." ఆమె ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తోంది. "వేళ్ళు తీసి గిన్నెలో పెట్టి సూపించినారప్పా. సూసినా. అప్పుడు గూడా ఏమీ అనిపించలే. ఆయప్ప కాళ్ళ మాదిరి అయిపోయిందేమో నా లోపల."

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా మెట్ల వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాను. ఆమెకు మాత్రం రాలేదు. హనుమన్న ఎప్పుడు లేస్తాడో, బన్ను పెట్టవచ్చో లేదో నర్సును అడగడానికి లేచి వెళ్ళింది.

ఇంటికి తీసుకొచ్చాక మగ్గం మీద పాత దుప్పటి కప్పారు. సగం నేసిన చీర దాని కిందే ఉంది. హనుమన్న మంచం వంటింటి గడప దగ్గరకు మార్చారు, పిలిస్తే పలకడానికి వీలుగా ఉంటుందని. నేను కొత్తగా పొట్లాలు కట్టుకుని ఒకరోజు సాయంత్రం వెళ్ళాను. ఈసారి నా ఎదురుగానే ఎసట్లో పోయించాలని గట్టిగా అనుకునే వెళ్ళాను. గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఉరుకుందమ్మ అప్పటికే గూట్లోంచి గిద్ద దించింది. డ్రమ్ములో ముంచి, కుదిపి, గోపురం పోసింది. చిటికెడు పైన వేసింది. నేను నోరు తెరవబోతున్నాను.

"ఇట్ల తే" అన్నాడు హనుమన్న మంచం మీద నుంచి.

ఆమె అర్థం కానట్టు చూసింది. అయినా గిద్ద తీసుకుపోయి అతని ముందు పట్టుకుంది. అతను పక్కనున్న చేట ఒళ్ళోకి లాక్కున్నాడు. గిద్దను ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచెయ్యి అంచు మీద పెట్టి, నేత నేసేవాడు బట్ట సర్దినట్టు మెత్తగా తుడిచాడు. గోపురం చేటలో రాలింది.

"ఏందది?" అంది ఉరుకుందమ్మ. ఇన్నేళ్ళలో ఆమె గొంతు పైకి లేవడం అప్పుడే విన్నాను. "అట్ల తుడవగూడదు. అత్త చెప్పలేదా?"

"మా యమ్మ నీకు చెప్పింది, నీ చేత్తో తుడవద్దని. నాకు చెప్పలే." అతను గిద్ద ఆమెకు అందించాడు. "సచ్చినోడు యాడన్నా తన కొలత తాను తుడుచుకుంటాడా? నా చేత్తో నేను తుడుచుకున్నా. బతికే ఉండా. పో, ఎసట్లో పొయ్యి."

ఆమె గిద్దలోని బియ్యం వంక, అతని వంక చూసింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. లోపలికి వెళ్ళి చిన్న గిన్నెలో పోసింది. ఇన్నాళ్ళూ కాటాతో నేను చెయ్యలేని పని అతను అరచేత్తో చేశాడని సంతోషించాను. లేచి పోదామనుకున్నాను కూడా.

ఉరుకుందమ్మ మళ్ళీ డ్రమ్ము దగ్గరకు వెళ్ళింది. తన వంతుకు ఎప్పుడూ పావు తీసేది. ఈసారి పావు తీయలేదు. అదే గిద్ద ముంచింది. గోపురం పోసింది. తీసుకొచ్చి అతని ముందు పట్టుకుంది.

"నాది గూడా తుడువు" అంది.

హనుమన్న చెయ్యి లేవలేదు. "నీకు షుగరు లేదు గదా" అన్నాడు.

"తుడువు. నీకొక కొలత, నాకొక కొలత వద్దు."

అతను ఆమె మొహం వంక చూశాడు. నేనూ చూశాను. అందులో ఏమీ కనిపించలేదు, ఎప్పటిలాగే. కానీ గిద్ద నిలకడగా లేదు, గోపురం మీది గింజలు ఒకటొకటి నేల మీద పడుతున్నాయి. ఇంకాసేపు ఆలస్యమైతే తుడవడానికి ఏమీ మిగలదనిపించింది. హనుమన్న ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో తుడిచాడు. ఆమె దాన్ని కూడా అదే చిన్న గిన్నెలో పోసింది. చేటలో రాలిన బియ్యం డ్రమ్ములో వేసింది. నేల మీది గింజలు ఏరుకుంది. నేను కట్టుకొచ్చిన పొట్లాలు సంచిలోనే ఉండిపోయాయి, మళ్ళీ కొట్టుకు తెచ్చుకుని బస్తాలో విప్పి పోసుకున్నాను.

హనుమన్న పాదం నిలిచింది. పుండు మానడానికి వానాకాలం మొత్తం పట్టింది. వేళ్ళు లేని కాలికి గుడ్డ చుట్టుకుని, గుంతలోకి తొంగి తొంగి చూస్తూ, ఇప్పుడు మళ్ళీ సగం పొద్దు నేస్తున్నాడు. షుగరు ఎంత దిగిందని నేను అడిగినప్పుడల్లా సంతోషంగానే చెబుతాడు. ఆ ఇంట్లో రెండు పూటలా ఆమె గిద్ద నింపుతుంది, అతను తుడుస్తాడు. రెండు గిద్దలు, ఒకటే గిన్నె. ఉరుకుందమ్మ బాగా చిక్కిపోయింది. ఆమెను తగ్గించమని ఏ డాక్టరూ చెప్పలేదు.